దొర టోపీలో పది చీటీలు

పోయిన వారం పోస్టులో లావుపాటి కవరు ఒకటి వచ్చింది. నేను చదువుకున్న హైస్కూలు పూర్వ విద్యార్థులు సంచిక వేస్తున్నారట. అందులో మా ఇంగ్లీషు మేష్టారి గురించి, ఊరంతా దొర అని పిలిచిన మనిషి గురించి, నాలుగు మంచి మాటలు రాయమని అడిగారు. ఆయన దగ్గర చదివినవాళ్ళలో ఇంకా కలం పట్టుకోగలిగినవాణ్ణి నేనొక్కణ్ణేనట. జ్ఞాపకాలకు సాయంగా ఉంటుందని, ఆయన పోయినప్పుడు ఇంగ్లండు పత్రిక ఒకటి వేసిన వ్యాసం నకలు కూడా జతచేశారు.

చదివాను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను. ఆయన కుర్రతనంలో తన కౌంటీ జట్టుకు క్రికెట్ ఆడాడు. నిజం. మంచుకొండల మీదికి జట్లను నడిపించాడు. నిజం. బతుకంతా బడిపిల్లలకు పాఠాలు చెప్పాడు. అదీ నిజమే. ఆఖర్న ఒక వాక్యం ఉంది. కృష్ణా డెల్టాలో అన్ని కులాల పిల్లల్నీ ఒక్క జట్టుగా చేర్చి, ఒకే కుండలో వండిన అన్నం తినిపిస్తూ, సముద్రం దాకా నడిపించాడట. పక్కన ఫొటో. ఇసుకలో వరసగా నిలబడ్డ పిల్లలు, వెనక సముద్రం. ఎడమవైపు నుంచి మూడోవాణ్ణి నేను. నా చేతిలో ఎర్రబంతి ఉంది. ఫొటోలో అది నల్లగా కనిపిస్తుంది.

పిల్లల్ని లెక్కపెట్టాను. పదిమంది. ఎన్నిసార్లు లెక్కపెట్టినా పదిమందే.

అడిగారు కాబట్టి మంచి మాటలతోనే మొదలుపెడతాను. మంచివాళ్ళ గురించి మంచి మాటలు చెప్పడం కష్టం కాదు. ఆ తర్వాత ఏం చెప్పాలన్నదే కష్టం.

అవి యుద్ధం రోజులు. బెజవాడలో కిరసనాయిలు దొరకదు, కాగితం దొరకదు, మా ఇంటికి కావలసిన నూలు అసలే దొరకదు. మాది మగ్గం ఇల్లు. ముందు గదిలో నాన్న గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తుంటే, వసారాలో నాయనమ్మ నూలు కండెలు చుట్టేది. ఇల్లంతా పులిసిన గంజి వాసన. ఆ వాసన బట్టల్లోంచి పోయేది కాదు. బడిలో నా పక్కన కూర్చున్నవాడు "ఏరా, పొద్దున్నే గంజిలో మునిగొచ్చావా?" అని రోజూ వెక్కిరించేవాడు. 

దొర అప్పటికే నలభై దాటిన మనిషి. తాటిచెట్టంత పొడుగు. ఎండకు ముక్కు మీద తోలు ఊడిపోతూ ఎప్పుడూ ఉడికిన చిలగడదుంపలా ఉండేది. నిక్కరు తొడుక్కుని సైకిలు మీద వచ్చేవాడు. ఇంగ్లీషు వాచకంలో మంచునదుల పాఠం చెప్పిన రోజు ఎడమకాలి బూటు విప్పి, మేజోడు లాగేసి, పాదం బల్లమీద పెట్టాడు. రెండు వేళ్ళు లేవు. కొండమీద చలికి చచ్చుపడిపోతే కోసేశారట. తొమ్మిదిమందిని వెంటబెట్టుకు వెళ్ళి, తొమ్మిదిమందినీ ప్రాణాలతో కిందికి తెచ్చిన కథ ఆ రోజే చెప్పాడు. మేం ఊపిరి బిగబట్టి విన్నాం. బడి వదలగానే ఇంటికి పరిగెత్తాను.

"చలికి వేళ్ళు రాలతాయా? అవేమన్నా ఆకులంటరా రాలడానికి?" అంది నాయనమ్మ.

"నేను చూశానే నాయనమ్మా!"

"ఏం చూశావు? లేని వేళ్ళని చూశావా?" అని, కండె తిప్పడం ఆపకుండానే నవ్వింది. "దొరలు అబద్ధాలాడినా అద్దంలా ఉంటాయిరా నాయనా."

కానీ చూడమని నేర్పింది ఆయనే. మేం ఏం చెప్పినా, వచ్చీరాని తెలుగులో "చూశావా? కొలిచావా?" అని అడిగేవాడు. కృష్ణ వెడల్పు ఎంతో పుస్తకంలో చూసి చెబితే ఒప్పుకునేవాడు కాదు. ఆనకట్ట మీద తాడూ కర్రలూ పట్టించి మాచేతే కొలిపించాడు. ఇప్పటికీ నన్ను నాస్తికుడని తిట్టేవాళ్ళున్నారు. ఆ రోగం నాకు అంటించింది ఏ మహాగ్రంథమో కాదు, ఆ రెండు మాటలే.

ఆ ఏడే సూర్యగ్రహణం పట్టింది. మా ఇంట్లో పచ్చడి జాడీల మీద దర్భలు వేశారు. పొయ్యి చల్లారింది. నేనూ నా స్నేహితుడూ ఆనకట్ట కిందికి పోయి, మసిపట్టించిన గాజుముక్కలోంచి సూర్యుణ్ణి చూస్తూ, గ్రహణం పట్టిన క్షణం నుంచి విడిచేదాకా మరమరాలూ బెల్లమూ నమిలాం. ఒకే పొట్లంలో ఇద్దరి చేతులూ. కడుపునొప్పి రాలేదు. "చూశావా?" అన్నాడు వాడు దొర గొంతుతో. "కొలిచావా?" అన్నాను నేను. పొర్లి పొర్లి నవ్వాం.

ఆ స్నేహితుడి గురించే ఇదంతా. బడిలో వాణ్ణి పుర్రచెయ్యిగాడు అనేవాళ్ళు. ఎడమచేత్తో రాసేవాడు, ఎడమచేత్తో బంతి వేసేవాడు. పిచ్‌గా వేసిన కొబ్బరిపీచు చాప మీద తాటాకు ముక్క పరిచి, దానిమీద బంతి వెయ్యమనేవాడు దొర. మేం పదింటిలో రెండు వేస్తే వాడు తొమ్మిది వేసేవాడు. ఒకసారి వాడి బంతి దొర మధ్య వికెట్టునే లేపేసింది. దొర బ్యాటు చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టాడు. ఆయన అలా చప్పట్లు కొట్టడం నేను మళ్ళీ చూడలేదు.

వాడి ఇల్లు కాలవ అవతల మాదిగపేటలో ఉండేది. తండ్రి తోలు పని చేసేవాడు. 

యుద్ధం మూలంగా క్రికెట్ బంతులు రావడం ఆగిపోయింది. మా దగ్గర మిగిలినవి రెండు. పీచుచాప గరుకుకు వారానికోసారి కుట్లు తెగేవి. తెగినప్పుడల్లా దొర నన్నూ వాణ్ణీ ఆ పేటకు పంపేవాడు. అక్కడ తోళ్ళు పదును చెయ్యడానికి తంగేడు చెక్క నానేసిన తొట్ల ఘాటు వాసన. మొదటిసారి ముక్కు మూసుకున్నాను. "మీ గంజి కంటే నయమేరా" అన్నాడు వాడు. నిజమే, రెండు మూడు సార్లకు అలవాటైపోయింది. వాడి తండ్రి బంతిని మోకాళ్ళ మధ్య బిగించి, మైనం రాసిన దారంతో రెండువైపుల నుంచీ సూదులు దూర్చి లాగేవాడు. నా తండ్రి వయసువాణ్ణి నేను "నువ్వు" అనేవాణ్ణి. ఆయన నన్ను "తమరు" అనేవాడు. అందులో వింత ఉన్నట్టు మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

"చూసుకోండి బాబూ. తోలు పోవాలిగానీ ఈ కుట్టు పోదు" అనేవాడు. బంతి నా చేతిలో పెట్టేవాడు కాదు. నేలమీద పెట్టేవాడు. నేను తీసుకునేవాణ్ణి.

సాయంత్రం ఇంటికి వెళితే నాయనమ్మ గుమ్మంలోనే ఆపేది. "తోలుబంతి ముట్టుకొచ్చావు. అక్కడే ఉండు, సచ్చినోడా!" అని నెత్తిన చెంబెడు నీళ్ళు కుమ్మరించేది. ఆ తర్వాతే చద్దన్నంలో గడ్డపెరుగూ మాగాయ ముక్కా. జట్టులో అందరి ఇళ్ళలోనూ ఇదే తంతు. అయినా అందరం ఆ బంతిని ఉమ్మితో తడిపి, తొడకేసి రుద్దేవాళ్ళం. ధాన్యం మిల్లు యజమాని కొడుకైతే మెరుపు రావాలని నాలుకతోనే నాకేవాడు. పుర్రచెయ్యి తండ్రి కుట్టిన బంతి మా నోటిదాకా వచ్చింది. వాడు మాత్రం మా మంచినీళ్ళ కుండ దాకా రాకూడదు. ఆట మధ్యలో దాహమేస్తే మేమందరం ముంతతో ముంచుకు తాగేవాళ్ళం. వాడు దూరంగా వంగి దోసిలి పడితే బడి జవాను ఎత్తునుంచి పోసేవాడు. సగం మోచేతుల మీదుగా కారిపోయేది.

ఒకరోజు దొరనే అడిగాను. "సార్, బంతి అందరం ముట్టుకుంటున్నాం కదా, కుండ ఎందుకు వేరు?"

ఆయన ముక్కు మరింత ఎర్రబడింది. అది మంచి ప్రశ్న అన్నాడు. అయితే పరాయి దేశంనుంచి వచ్చినవాడు ఇక్కడివాళ్ళ ఆచారాల్లో వేలు పెట్టడం మర్యాద కాదన్నాడు. మా దేశం మొత్తం వాళ్ళ గుప్పిట్లో ఉన్న రోజులవి. పన్నులో, జైల్లో, యుద్ధంలో వేలు పెట్టినవాళ్ళకు మంచినీళ్ళ కుండ దగ్గర మర్యాద గుర్తొచ్చింది. ఇది ఇవాళ అంటున్న మాట. ఆ రోజు మాత్రం ఆయన జవాబు నాకు చాలా పెద్దమనిషి తరహాగా అనిపించింది.

మాఘమాసంలో దొర ప్రకటించాడు. కరకట్ట వెంబడి నడిచి, కృష్ణ సముద్రంలో కలిసేచోటు దాకా వెళ్ళాలి. వారం రోజులు. దారి పొడుగునా కాలవలు కొలిచి పటం గియ్యాలి. సాయంత్రాలు ఎక్కడ మైదానం దొరికితే అక్కడ క్రికెట్. మేం వండుకోవాలి, మేం మోసుకోవాలి. క్రికెట్ జట్టులో పదకొండుమందిమీ పేర్లిచ్చాం. సముద్రం చూసినవాడు మాలో ఒక్కడూ లేడు.

పుర్రచెయ్యి ఆ వారమంతా నేలమీద నడవలేదనే చెప్పాలి. "సముద్రం చప్పుడు అరకోసు దూరం నుంచే వినపడుద్దంట్రా. కళ్ళు మూసుకుని ఎవడు ముందు వింటాడో పందెం" అనేవాడు. తండ్రి వాడి పాదాలు దారంతో కొలిచి కొత్తచెప్పులు కుట్టాడు. వాటిని తొడుక్కోకుండా చేత్తో పట్టుకుని బడికి తెచ్చి నాకు చూపించాడు. మా వీధుల్లో వాడు చెప్పులు తొడుక్కుని నడిచే వీలు లేదు. "కరకట్ట మీద ఎవరూ అడగర్లే" అన్నాడు.

మూడోరోజు మిల్లు యజమాని బడికి వచ్చాడు. ఖద్దరు పంచె, ఖద్దరు కండువా. దొరలు దేశం విడిచి పోవాలని గాంధీచౌకులో ఉపన్యాసాలిచ్చే మనిషి. దొర గదిలో చేతులు కట్టుకు నిలబడి చెప్పాడు. కిటికీ బయట మేమున్నాం.

"అయ్యా, తమరు తెలియనివారు కాదు. ఆటంటే ఆట. దూరంగా నిలబడి బంతి విసురుకుంటారు, ఇంటికొచ్చి నీళ్ళు పోసుకుంటారు. వారం రోజులు ఒకే కుండలో కూడంటే ఎట్లాగండీ? ఆ కుర్రాడు వస్తే మా పదిమంది పిల్లల్లో ఒక్కడూ రాడు. పదిళ్ళ తరఫునా వచ్చాన్నేను."

అందులో మా ఇల్లూ ఉంది. నాన్న నన్ను మగ్గం దగ్గరికి పిలిచాడు. నాడె ఆడిస్తూనే, నా మొహం చూడకుండా చెప్పాడు. "నాకేం పట్టింపు లేదురా. కానీ మీ నాయనమ్మ అన్నం మానేస్తుంది." నాయనమ్మ ఇంకా సూటిగా చెప్పింది. "వాడితో కలిసి తినొస్తే నా చేతి ముద్ద నీకు లేదు. అంతే."

మంచుకొండ మీద తొమ్మిది ప్రాణాలు మోసిన మనిషి ఏం చేస్తాడా అని ఎదురుచూశాం. మర్నాడు ఆయన మా పదకొండుమందినీ మైదానంలో నిలబెట్టాడు. ఇది తాను తేల్చవలసింది కాదన్నాడు. నడిచేది మీరు, తినేది మీరు, కాబట్టి మీ పదిమందే తేల్చాలి. రేపు ఒక్కొక్కరూ ఇంటినుంచి చీటీ రాసుకు రండి. అతను రావాలంటే అవును, వద్దంటే కాదు. పేరు రాయక్కర్లేదు. ఎవరేం రాశారో ఎవరికీ తెలియదు. స్వేచ్ఛగల మనుషులు ఇలాగే నిర్ణయాలు చేస్తారు. ఇదీ ఆయన తీర్పు.

వాడు నా పక్కనే నిలబడ్డాడు. నాకేసి చూసి కన్ను గీటాడు. ఒక అవును ఖాయమని వాడి ధైర్యం.

మర్నాడు పొద్దున మగ్గం పక్కన కూర్చుని చీటీ రాశాను. అప్పుడు నా బుర్ర ఎంత చురుగ్గా పనిచేసిందో తల్చుకుంటే ఇప్పటికీ నా తెలివిమీద నాకు అసహ్యం పుడుతుంది. నాయనమ్మ ఏం రాశావని అడుగుతుంది. అబద్ధం చెప్పకూడదు, దొర నేర్పిన మొదటి నీతి అదే. కాదు అని రాస్తే నిజమే చెప్పొచ్చు. పోనీ నా ఒక్క కాదుతో ఏం మునుగుతుంది? ఇంకా తొమ్మిదిమంది ఉన్నారు. వాడి బౌలింగ్ వల్ల గెలిచి ఊరంతా గంతులేసినవాళ్ళున్నారు. కనీసం ఆరుగురు అవును అంటారు. వాడూ వస్తాడు, నేనూ వెళతాను, నాయనమ్మా అన్నం పెడుతుంది. లెక్క సరిపోయింది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆ తొమ్మిదిమంది ఇళ్ళలోనూ సరిగ్గా అదే లెక్క జరుగుతోందని నాకు తట్టలేదు.

మైదానంలో దొర తన టోపీ తీసి పుర్రచెయ్యి చేతికిచ్చాడు. న్యాయంగా జరుగుతోందని వాడే కళ్ళారా చూడాలట. వాడు రెండు చేతులతో టోపీ పట్టుకుని ఒక్కొక్కరి ముందుకూ వచ్చాడు. నా ముందుకు వచ్చాక జేబులోంచి చీటీ తీసి అందులో వేశాను. వేసిన తర్వాత చూశాను. టోపీలో అన్నీ నోటుపుస్తకాల్లోంచి చించిన తెల్లకాగితాలు. నాది ఒక్కటే నీలం. నూలు మిల్లువాళ్ళు కట్టలకు చుట్టి పంపే నీలం కాగితం. కాగితం కరువులో నేను లెక్కలు చేసేదీ పద్యాలు రాసుకునేదీ దానిమీదే. అలవాటుగా ఓ ముక్క చించి దానిమీదే రాశాను. బడిలో ఆ కాగితం ఇంకెవరి దగ్గరా లేదు. ఆ సంగతి వాడికంటే బాగా ఎవరికీ తెలియదు.

దొర ఒక్కొక్కటీ విప్పి చదివాడు. కాదు. కాదు. కాదు. నాలుగోది నీలం. విప్పి, కాదు అన్నాడు. వాడు టోపీలోకే చూస్తున్నాడు. ఆ తర్వాతి ఆరూ వాడు విన్నాడని నేననుకోను. పదికి పది కాదు.

దొర పది చీటీలూ మళ్ళీ మడిచాడు. ఆయనా మాలాగే లెక్కేసుకున్నాడేమో, తన చేతికి మట్టి అంటకుండా మేమే మంచిపని చేసి పెడతామని. తర్వాత గొంతు సవరించుకుని, ఆటలో ఓడినవాడు గెలిచినవాళ్ళతో చెయ్యి కలపాలి, అదే మగతనం అన్నాడు. వాడిచేత మా పదిమందికీ చేతులు కలిపించాడు. జట్టులో చాలామంది వాడి చెయ్యి ముట్టుకోవడం అదే మొదలు. ఆ సాయంత్రం దానిక్కూడా నెత్తిన నీళ్ళు పోసుకునే ఉంటారు.

నా వంతు వచ్చింది. వాడి అరచెయ్యి పొడిగా, వెచ్చగా ఉంది. తిడతాడనుకున్నాను. తిడితే బావుండేది.

"దారిలో బంతి తడవనీయమాకు. నానితే తోలు చెడిపోద్ది" అన్నాడు. అంతే.

నడిచాం. ఆ నడక గొప్పదనం గురించి సంచికవాళ్ళకు పది పేజీలు రాసివ్వగలను. కరకట్టకు ఒకవైపు నది, ఒకవైపు కోసిన మళ్ళలో పచ్చగా మినుము. తెల్లవారగానే కొత్తగడ్డి కుప్పల వాసన. ఉయ్యూరు దాటాక ఒక ముసలమ్మ "దొరబాబు వెంట ఏడకయ్యా పోతన్నారు, పటాలంలోకా?" అని అడిగి, అందరికీ వేడి చెరుకు పానకం పోసింది. అన్నం మాడ్చుకుని, గోంగూర పచ్చడితో ఆ మాడే తిన్నాం. పదిమందీ ఒకే కుండలో. సాయంత్రాలు క్రికెట్ ఆడితే వికెట్లు పడేవి కావు. తాటాకు ముక్క మీద బంతి వెయ్యగలిగినవాడు మా వెంట లేడు.

సముద్రం చప్పుడు ముందు విన్నది నేనే. కళ్ళు మూసుకుని నడుస్తూ విన్నాను. ఎవరికీ చెప్పలేదు. పందెం కట్టినవాడు లేడు.

తడి ఇసుకమీద దొర బ్యాటు పట్టాడు. అంత అందంగా ఆడిన మనిషిని నేనింతవరకు చూడలేదు. ఒక్క దెబ్బకు బంతి అలల్లో పడింది. నేను పరిగెత్తి, మునిగి, తెచ్చాను. ఉప్పునీళ్ళకు తోలు ఉబ్బి ఒకచోట చిట్లింది. కుట్టు మాత్రం ఒక్క పోగు కదల్లేదు. ఆ బంతి నా చేతిలో ఉండగా దొర ఫొటో తీశాడు.

తిరిగొచ్చిన మర్నాడు ఆ బంతి పట్టుకుని కాలవ దాటాను. వాడి తండ్రి అటూ ఇటూ తిప్పి చూశాడు. 

"కుట్టు నిలబడిందన్నమాట" అన్నాడు.

"నిలబడింది. వాడేడి?"

"రైలు కట్టమీద కూలికి పోతన్నాడు బాబూ. బడి చాలంటన్నాడు." చిట్లినచోట వేలుపెట్టి చూస్తూ అడిగాడు. "పేర్లు రాయని చీటీలంట గదా. తమరేం రాశారు బాబూ?"

చూశావా, కొలిచావా అని ప్రపంచాన్నంతా అడగడం నేర్చినవాణ్ణి. ఒక్క తండ్రి అడిగేసరికి, బంతి అక్కడే వదిలేసి వచ్చాను. కొడుకు తండ్రికి చెప్పలేదని దారిలో అర్థమైంది.

దేశానికి స్వతంత్రం వచ్చింది. దొర వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు నాకొక యోగ్యతాపత్రం రాసిచ్చాడు, న్యాయబుద్ధి గల కుర్రవాడని. దాన్ని చూపించే కాలేజీలో సీటు సంపాదించాను. తర్వాత యాభై ఏళ్ళు కులం మీద ఉపన్యాసాలిచ్చాను, వ్యాసాలు రాశాను, పండితుల్ని నిలబెట్టి కడిగాను. ఈ కథ కూడా ఎన్నో సభల్లో చెప్పాను. ఖద్దరు కట్టిన మిల్లు యజమాని గురించి చెప్పాను. పిరికి దొర గురించి చెప్పాను. జనం చప్పట్లు కొట్టారు. నీలం కాగితం గురించి ఏ సభలోనూ చెప్పలేదు.

వాణ్ణి బెజవాడ స్టేషనులో మూడుసార్లు చూశాను. మొదటిసారి పట్టాల మధ్య గడ్డపారతో. ఆఖరిసారి తల నెరిసి, మనవణ్ణి ఎత్తుకుని, ప్లాట్‌ఫారం మీద. ఆ మూడుసార్లూ నేను పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. భవానీపురంలో ఇల్లు కట్టుకున్నాడని తర్వాత ఎవరో చెప్పారు. మా ఇంటినుంచి రిక్షాలో పావుగంట దారి. నేను వెళ్ళలేదు.

సంచికవాళ్ళకు ఇదే పంపుతున్నాను. వేసుకుంటారో లేదో వాళ్ళిష్టం. ఫొటో పక్కనున్న ఆ వాక్యాన్ని మాత్రం దిద్దమని కోరుతున్నాను. అన్ని కులాల పిల్లలు కారు. పదిమంది. పదకొండోవాడు సముద్రం చూశాడో లేదో నాకు తెలియదు. వాడి నోటనే విని తెలుసుకుని ఉండొచ్చు, అది రెండే మాటల ప్రశ్న. నేను అడగలేదు. నిరుడు వాడు పోయాడు.